ఏపీ 1 నంబర్ బండి

పోస్టు పెద్దగుంది, తీరికున్నప్పుడు చదవండి.

మొన్న ఇద్దరు తమ్ముళ్లు మెసేజ్ పెట్టిండ్రు. పాత ఆర్‌ఎక్స్ 100 తక్కువకు దొరుకుతోంది, తీసుకోవాలా వద్దా అని. ఒక్క ముక్కలో చెప్పలేకపోయినం. పోయిన చలికాలం మేము నలుగురం అదే పని మీద పదకొండు రోజులు తిరిగినం. ఏం జరిగిందో అట్లనే రాస్తున్నం, మీరే చూసుకోండి.

మేము అంటే హాస్టల్లో ఒకే రూము. ఉట్నూరు దిక్కు గోండు ఒకడు, తిర్యాణి కొలాం ఒకడు, ఏటూరునాగారం కోయలు ఇద్దరు. నలుగురికి నలుగురం మా ఇండ్లల్ల కాలేజీ మెట్లెక్కిన మొదటోళ్లం. పొద్దున కాలేజీ, మధ్యాహ్నం నుంచి చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ. అశోక్ నగర్ కోచింగ్ ఫీజులు మాతోని కాదు. అక్కడి జిరాక్స్ షాపుల్లో మెటీరియల్ కొనుక్కొని లైబ్రరీలో కూసునుడు మాత్రం అయితది.

డిసెంబర్ మొదటి వారంలో ఒక సాయంత్రం లైబ్రరీ బయట చాయ్ తాగుతున్నం. సందులోంచి ఆ సప్పుడు వచ్చింది. విన్నోళ్లకు చెప్పనక్కర్లేదు, విననోళ్లకు చెప్పినా అర్థం కాదు. స్ప్లెండర్ లెక్క గుడగుడ అనదు, బుల్లెట్ లెక్క దడదడ అనదు. సన్నగ మొదలై, యాక్సిలరేటర్ ఇస్తే గొంతు చించుకుంటది. ఉట్నూరోడు చాయ్ గ్లాసు పట్టుకొనే లేచి నిలబడ్డడు. నల్ల ఆర్‌ఎక్స్ 100, తెల్ల పొగ. మమ్మల్ని దాటి పోయినంక నంబర్ ప్లేటు కనబడ్డది. ఏపీ 1.

ఏపీ 1 అంటే ఆదిలాబాద్ అని మా అడవి జిల్లా పిల్లలకు చెప్పే పని లేదు. టీఎస్‌లు, టీజీలు రాకముందు మా దిక్కు తిరిగిన ప్రతి జీపు మీద, ప్రతి లారీ మీద ఉన్న నంబర్ అది. చిక్కడపల్లి సందులో అది కనబడితే మనూరి మనిషి కనబడ్డట్టు అయింది. దాని మీద ఒక అట్టముక్క కట్టి ఉంది, అమ్మబడును అని.

బండాయన మార్కెట్ వెనక గల్లీలో ఉంటడు. రిటైరైన పెద్దాయన. వాళ్ల బావమరిది ఆదిలాబాద్‌లో నౌకరీ చేసిన రోజుల్లో 1994లో కొన్న బండి అట. మోకాళ్లు నొప్పులు, కిక్కు కొట్టలేకపోతున్నా బాబూ అన్నడు. నలభై ఐదు వేలు చెప్పిండు. సినిమా వచ్చినకాన్నుంచి దీని రేటు ఎట్ల పెరిగిందో తెలుసా అన్నడు. ఆర్‌ఎక్స్ 100 సినిమా 2018లో వచ్చింది, అప్పుడు మేము ఆశ్రమ పాఠశాలలో ఎనిమిదో తరగతి. బేరం చేయంగ చేయంగ ముప్పై ఆరుకు దిగిండు. మంచి బండ్లకు లక్ష దాటి అడుగుతున్నరని ఫోన్లో చూసినం. అంత తక్కువకు ఎందుకిస్తున్నడో అప్పుడే అడగాల్సింది. అడగలేదు. మనసు పడ్డంక అట్లాంటి ప్రశ్న నోటికి రాదు.

తలా తొమ్మిది వేలు. ఉట్నూరోడికి పత్తి అమ్మినంక ఇంటికాడినుంచి వచ్చిన పైసలున్నయి. తిర్యాణోడికి ఆగి ఆగి వచ్చిన స్కాలర్‌షిప్. కోయల్లో ఒకడు పెండ్లి ముహూర్తాలకు ఫంక్షన్ హాళ్లలో క్యాటరింగ్ పనికి పోయి దాచుకున్నడు. రెండోవాడివి వాళ్లమ్మ ఎండాకాలం తునికాకు కోసి కట్టలు కట్టిన పైసలు, కానిస్టేబుల్ ఈవెంట్స్‌కు బూట్లు, గ్రౌండ్ ఫీజు కోసమని ఇచ్చినవి. ఇవన్నీ ఎందుకు రాస్తున్నమంటే, ముప్పై ఆరు వేలు అంటే ఒక సంఖ్య లెక్క కనబడుతది. పంచితే అది పత్తి, తునికాకు అయితది.

బండి ఎందుకు అని మమ్మల్ని మేమే అడుక్కుంటే మస్తు జవాబులు తయారుగున్నయి. రాత్రిపూట ఫుడ్ డెలివరీ చేస్తం, ఇద్దరు ఒకరోజు, ఇద్దరు ఒకరోజు. నెలకు ఇంత మిగులుతది. పుష్యమాసం అమావాస్యకు కేస్లాపూర్ నాగోబా జాతరకు దాని మీదనే పోతం. మహబూబ్ ఘాట్ ఎక్కిస్తం.

డెలివరీ లెక్క ఒక్క పూటలో కూలిపోయింది. ఆర్‌ఎక్స్ సిటీలో లీటరుకు ముప్పై ఐదు ఇస్తే గొప్ప. రాత్రికి ఎనభై కిలోమీటర్లు తిరిగితే రెండు లీటర్ల పైన పెట్రోలు, అప్పటికి లీటరు 107 దాటి ఉండె, టూటీ ఆయిల్ వేరే. మన పక్క రూము అన్న అద్దె ఎలక్ట్రిక్ బండి మీద చేస్తడు, ఆయన్ని అడిగితే నవ్విండు. "తమ్మీ, యాప్‌లో ఆర్‌సీ ఫోటో, ఇన్సూరెన్స్ ఫోటో పెట్టాలె. ముప్పై ఏండ్ల బండికి ఎవడిస్తడు నీకు?" అన్నడు. మాకు ఆ మాట తట్టనే లేదు. కానీ లెక్క కూలిపోయినంక కూడా బండి మీద మనసు పోలేదు. అప్పుడు తెలిసింది, లెక్క కోసం బండి కొంటలేము, బండి కోసం లెక్క రాసుకున్నం.

మాలో ఒకడు లైబ్రరీలో పాత కార్ల పుస్తకం తిరగేసి వచ్చి చెప్పిండు, అమెరికాలో కూడా ఇదే పిచ్చి ఉందట. 1964లో పాంటియాక్ కంపెనీ జీటీఓ అని ఒక కారు తీసింది. మామూలు సైజు కారులో పెద్ద వీ-ఎయిట్ ఇంజిన్ పెట్టి, కుర్రాళ్లు కొనగలిగే ధరకు అమ్మింది. వాటిని మజిల్ కార్లు అన్నరు. పొగ చట్టాలు, ఇన్సూరెన్స్ రేట్లు, 1973 చమురు సంక్షోభం, అన్నీ కలిసి వాటి పని పట్టినయి. ఇప్పటికీ అక్కడి పిల్లలు పాత కార్బురేటర్ కారు ఒకటి తక్కువకు దొరికితే కొనాలా వద్దా అని తల పట్టుకుంటరట. మనకు కారు లేదు గాని కథ అదే. ఆర్‌ఎక్స్‌ది 98 సీసీ, 11 హార్స్‌పవర్, బరువు వంద కేజీల చుట్టుపక్కల. ఇంచుమించు అదే సైజు ఇంజిన్ ఉన్న స్ప్లెండర్‌ది ఎనిమిది దగ్గరనే. టూ స్ట్రోక్ కాబట్టి ఆ బలం, పెట్రోలుతో పాటు ఆయిల్ కూడా కాలుతది కాబట్టి ఆ పొగ. 1985లో వచ్చి 1996లో ఆగిపోయింది. 2020 ఏప్రిల్‌లో బీఎస్ 6 వచ్చినంక కొత్త బండ్లల్ల కార్బురేటరే దాదాపు పోయింది, అంతా ఇంజెక్షన్.

ఇది పుస్తకం మాట. మా అసలు మాట వేరే.

ఉట్నూరోడు చిన్నప్పుడు, ఐదారేండ్లప్పుడు, వాళ్ల గూడేనికి వచ్చే బండి ఒక్కటే. సావుకారిది. నల్ల ఆర్‌ఎక్స్ 100. పత్తి ఏరుడు మొదలైనంక వచ్చేటోడు, విత్తనాలకు, మందులకు ఇచ్చిన అప్పు రాసిన పుస్తకం పట్టుకొని. బండి వాగు దాటంగనే సప్పుడు గూడెం మొత్తం వినబడేది. వాళ్లమ్మ కందుల గంప లోపలికి జరిపేది. వాళ్ల బాపు తలపాగ సర్దుకొని బయటికొచ్చి నిలబడేటోడు. సావుకారి బండి దిగేటోడు కాదు. సీటు మీదనే కూసోని, ఇంజిన్ బంద్ చేయకుండ మాట్లాడేటోడు. బాపు ఆ సప్పుడు మీద వినబడేటట్టు గట్టిగ జవాబు చెప్పాలె. పిల్లలు మాత్రం బండి చుట్టూ మూగి ఆ పొగ వాసన పీల్చేటోళ్లు. వీడు కూడ పీల్చిండు. ఆ వాసన ఇప్పటికీ మంచిగనే అనిపిస్తది అన్నడు. అది చెప్పేటప్పుడు వాడి మొకం మేము సరిగ్గ చూడలేకపోయినం.

తిర్యాణోడికి ఫారెస్టాయన బండి. కోయ తమ్ముళ్లకు తునికాకు కాంట్రాక్టర్ మనిషి బండి. మోడళ్లు వేరే కావచ్చు. మా నలుగురికి చిన్నప్పుడు తెలిసిన బండ్లన్నీ మన గూడేనికి పైనుంచి వచ్చినవే, మన గూడెం నుంచి ఎక్కి పోయినవి కావు. ఒక్కసారి దాని సీటు మీద మనం కూసోవాలె. అంతే. మిగతాదంతా దానికి కట్టిన కారణాలే.

నారాయణగూడ ఫ్లైఓవర్ దిక్కు ఒక గల్లీలో టూ స్ట్రోక్ బండ్లు చేసే చాచా ఉన్నడని తెలిసి, పెద్దాయనను బతిమిలాడి బండి అక్కడికి తెచ్చినం. చాచా చేసిన మొదటి పని చేయి పెట్టి ఇంజిన్ ముట్టుడు. "గరం చేసి తెచ్చిండ్రా?" అన్నడు. వేడి మీద ఏ బండైనా స్టార్ట్ అవుతది, చల్లగున్నప్పుడు చూడాలె అని గంటసేపు ఆపిండు. మేము చాయ్‌లు తాగినం. తర్వాత చోక్ లేపి రెండో కిక్కుకు లేపిండు. కిక్కు కాలికి గట్టిగ తగులుతోంది, కంప్రెషన్ ఉంది అన్నడు. స్క్రూడ్రైవర్ కొన ఇంజిన్‌కు ఆనించి పిడి చెవికి పెట్టుకొని విన్నడు, డాక్టర్ లెక్క. క్రాంక్ బేరింగ్ సప్పుడు కొంచెం ఉంది, ఒకసారి బోర్ చేయించి పెద్ద పిస్టన్ ఎక్కించిండ్రు అన్నడు. కార్బురేటర్ కింద పైపులోంచి పెట్రోలు చుక్క చుక్క పడుతోంది. ఫ్లోట్ సూది అరిగింది, జెట్‌లో చెత్త ఉంది, అందుకే స్లోలో ఆగుతలేదు అన్నడు. అది చిన్న పని.

పెద్ద పని ఇంకోటి చూపించిండు. ఆర్‌ఎక్స్‌కు ఆయిల్ ట్యాంకు వేరే ఉంటది, పంపు తనంతట తాను ఆయిల్ కలుపుతది. దీనికి ఆ పంపు పీకేసిండ్రు. పెట్రోలు కొట్టించినప్పుడల్లా మనమే కొలిచి ఆయిల్ పొయ్యాలె. ఒక్కసారి మరిచిపోతే పిస్టన్ పట్టేస్తది, నడుస్తున్న బండి చక్రం ఎక్కడిదక్కడ బిగుసుకుంటది. "ఘాట్ మీద పట్టేస్తే?" అని అడిగినం. చాచా జవాబు చెప్పలేదు, చేయి నేల మీదికి చూపించిండు.

అయినా ఎనిమిది వేలు పెడితే బండి మంచిగైతది అన్నడు. ఇంజిన్ నంబర్ మొదట్ల వన్ ఎల్ వన్ ఉంది చూడు, అసలు ఆర్‌ఎక్స్ 100దే అని తడిమి చూపించిండు. మాకు అదే చాలనిపించింది.

తలా ఒక రౌండు కొట్టినం. వైఎంసీఏ చౌరస్తా దాకా పోయి తిరిగి వచ్చుడు. రెండో గేరులో ముందు చక్రం తేలికైనట్టు అయింది. దిగినంక తిర్యాణోడి చేతులు వణుకుతున్నయి, నవ్వుతున్నడు. ఆ పది నిమిషాల గురించి ఎక్కువ రాయం. మీకు ఆశ పుట్టించినోళ్లమైతం.

కాగితాల దగ్గర ఆగింది కథ. ఫోన్లో ఎంపరివాహన్‌లో నంబర్ కొడితే ఏమీ రాలేదు. పాత బండ్ల వివరాలు కొన్ని కంప్యూటర్‌లోకి ఎక్కలేదట. పెద్దాయన దగ్గర పాత ఆర్‌సీ పుస్తకం ఉంది, బావమరిది పేరు మీద. ఆయన చనిపోయి ఆరేండ్లయింది. అమ్మినోడు, కొన్నోడు సంతకాలు పెట్టే ఫారం 29, ఫారం 30 ఇప్పుడు ఎవరు పెట్టాలె? వాళ్ల పిల్లలు పెట్టాలె, వాళ్లు ఎక్కడనో ఉన్నరు. రిజిస్ట్రేషన్ పదిహేనేండ్లకు 2009లో ఒకసారి రెన్యువల్ అయింది, 2014తో అయిపోయింది. ఒక ఏజెంటు లెక్క చెప్పిండు. రెన్యువల్ ఫీజు అప్పుడు 1,000 ఉండె. లేటుకు నెలకు 300, అది 2022 ఏప్రిల్ నుంచి లెక్కేసినా 33 నెలలు, 9,900. గ్రీన్ ట్యాక్స్ వేరే. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ అప్పుడు ఏడాదికి 714 ఉండె, జీఎస్టీ వేరే. ఏజెంటు చేయి తడి వేరే. ముప్పై ఆరు వేల బండి చాచా ఖర్చుతో కలిపి అరవై దిక్కు నడుస్తోంది.

అది కూడా ఎట్లనో సర్దుకుందుమేమో. చాచానే ఇంకో పని చేసిండు. ఛాసిస్ నంబర్ మీద తెల్ల కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దిండు. నంబర్ లేచింది. ఆర్‌సీతో కలిసింది. ఇంజిన్ నంబర్ రుద్దిండు. ఆఖరి నాలుగు అంకెలు కలవలేదు. మళ్లీ రుద్దిండు. కలవలేదు.

పెద్దాయనను అడిగితే ఉన్న మాటనే చెప్పిండు. ఎప్పుడో ఇంజిన్ పట్టేస్తే వేరే బండి ఇంజిన్ తెచ్చి ఎక్కించిండ్రట, పుస్తకంలో రాయించలేదట. ఆ ఇంజిన్ ఏ బండిదో, ఆ బండి ఏమైందో ఆయనకు తెలియదు. అబద్ధం చెప్తున్నడని మాకు అనిపించలేదు. "నన్నెవరూ ఆపలేదు బాబూ ఇన్నేండ్లు" అన్నడు.

ఆ మాట దగ్గరనే మాలో కానిస్టేబుల్‌కు చదివేటోడు తల వంచుకున్నడు. ఆయన్ని ఆపలేదు, నిజమే. తెల్ల జుట్టు, ఇస్త్రీ అంగీ, సొంత గల్లీ. మమ్మల్ని ఆపుతరు. ఏడాది కింద సిటీలో ఒకచోట రాత్రి చెకింగ్‌లో, ఫ్రెండ్ బండి మీద పోతున్న మాలో ఇద్దరిని ఆపిండ్రు. కాగితాలన్నీ ఉన్నయి. అయినా ఏ ఊరు, ఇక్కడేం పని, బండి ఎక్కడిది అని నలభై నిమిషాలు నిలబెట్టిండ్రు. వెనకొచ్చినోళ్లను పంపించుకుంట మమ్మల్ని పక్కకు నిలబెట్టిండ్రు. అన్ని కాగితాలున్నప్పుడే అట్లయితే, ఇంజిన్ నంబర్ కలవని బండి మీద దొరికితే అది ఫైన్‌తో పోయే మాట కాదు. దొంగబండి అంటరు. మీలో కానిస్టేబుల్, ఎస్సై రాసేటోళ్లకు తెలుసు, సెలెక్ట్ అయినంక నింపే అటెస్టేషన్ ఫారంలో నీ మీద కేసు ఏమన్న ఉందా అని అడుగుతరు. ఉందని రాస్తే ఒక బాధ, దాచితే ఇంకో బాధ. వాళ్లమ్మ తునికాకు కోసింది ఆ ఫారం దాకా పోవాలని.

వాడు ఒక్క మాట అనలేదు. "మీ ముగ్గురు కొనుక్కోండి, నేను అప్పుడప్పుడు ఎక్కుత" అన్నడు. అది మాకు ఇంకా కష్టమైంది.

ఆ రాత్రి హాస్టల్ మిద్దె మీద కొట్లాడుకున్నం. సిగ్గుపడే మాటలు కూడా అనుకున్నం. ఇంజిన్ నంబర్ ఎవడు చూస్తడు అని ఒకడు. మనం ఏం చేసినా భయపడుకుంటనే చేయాల్నా, చిన్నప్పుడు బండి వస్తే భయం, ఇప్పుడు బండి కొంటే భయం అని ఇంకొకడు. ఈ రెండో మాటకు ఇప్పటికీ మా దగ్గర జవాబు లేదు. సరైన మాటనే. కానీ సరైన మాట అన్నంత మాత్రాన అంకెలు కలవవు.

పదకొండు దాటినంక ఉట్నూరోడు వాళ్ల బాపుకు ఫోన్ చేసిండు. స్పీకర్ పెట్టిండు. గోండిలో మాట్లాడుకున్నరు, వాడు మాకు తెలుగులో చెప్పుకుంట వచ్చిండు. ఏ బండి అని బాపు అడిగిండు. పేరు చెప్తే తెలియలేదు. సావుకారి బండి అంటే తెలిసింది. కొంచెంసేపు సప్పుడు లేదు. తర్వాత నవ్విండు. సావుకారి పోయి చాన్నాళ్లాయె, వాళ్ల కొడుకు దాన్ని పాత ఇనుపోళ్లకు ఏసిండు అన్నడు. కోపమొస్తదేమో అనుకున్నం. పైసలు పాడు చేస్తున్నవా అని తిడుతడేమో అనుకున్నం. ఆయన అన్నది ఇది: "కొనుక్కో, నీ ఇష్టం. కానీ దాని మీద మనూరికి రాకు బిడ్డా. పిల్లలకు ఏం గాదు. ముసలోళ్లు ఆ సప్పుడుకు లేచి నిలబడుతరు." ఆగి మళ్లీ అన్నడు. "వస్తే వాగు అవతల చింతచెట్టు కాడ పెట్టి నడిచి రా."

ఫోన్ పెట్టేసినంక ఎవ్వరం మాట్లాడలేదు. కింద రోడ్డు మీద మెట్రో ఆఖరి రైలు కూడా పోయినట్టుంది, అంతా నిమ్మళంగ ఉంది.

పొద్దున్నే పోయి పెద్దాయనకు చెప్పినం, వద్దు అని. మిమ్మల్ని చాచా పాడుచేసిండు అని కోపం చేసిండు, తర్వాత ఇంట్లోకి పిలిచి చాయ్ ఇప్పించిండు. వాళ్ల బావమరిది పిల్లలతో మాట్లాడి కాగితాలు ముందు సరిచేయించండి, ఇంజిన్ మార్చింది పుస్తకంలో రాయించండి, అప్పుడు ఎక్కువ ధర వస్తది అని చెప్పినం. ఆర్‌టీఏ చుట్టూ తిరిగే ఓపిక నాకెక్కడిది అన్నడు. చాచాకు రెండొందలు ఇవ్వబోతే తీసుకోలేదు, అవి మాత్రం మిగిలినయి.

మెసేజ్ పెట్టిన తమ్ముళ్లకు చెప్పేది ఇంతే. ఆర్‌ఎక్స్ చెడ్డ బండి కాదు. మీరు చూసిన బండికి కాగితాలు అమ్మేటోడి పేరు మీదనే ఉంటే, పెన్సిల్‌తో రుద్దినప్పుడు రెండు నంబర్లూ కలిస్తే, మేము ఒప్పుకున్నట్టు మీరూ ఇది లాభానికి కాదు అని ఒప్పుకుంటే, కొనుక్కోండి. ఆయిల్ పంపు ఉందో లేదో చూడండి. చల్లగున్నప్పుడు స్టార్ట్ చేయమనండి. పైసలు ఎవరివో ఒకసారి లెక్కపెట్టుకోండి. కొన్నంక మాకు ఒక రౌండు ఇయ్యండి.

తొమ్మిది వేలు ఏమైనయని అడుగుతరు. బూట్లు వచ్చినయి, ఈవెంట్స్‌కు గ్రౌండ్‌లో ఉరుకుతున్నడు. ఒకడు ఫోన్ కొన్నడు, ఇద్దరివి ఎట్ల ఖర్చయినయో వాళ్లకే తెలియదు. జాతరకు ఆర్టీసీ బస్సు మీదనే పోయినం, ఇచ్చోడ దాటేదాకా నిలబడి.

సంక్రాంతి తర్వాత ఆ బండి అమ్ముడుపోయింది. ఎంతకో తెలియదు, ఎవరు కొన్నరో తెలియదు. ఫిబ్రవరిలో ఒక రోజు లైబ్రరీ బయట చాయ్ తాగుతుంటే మళ్లీ ఆ సప్పుడు వచ్చింది. అశోక్ నగర్ దిక్కు నుంచి వచ్చి సిగ్నల్ దగ్గర ఆగింది. నల్ల బండి, ఏపీ 1. మా ఈడు పిల్లగాడే ఉన్నడు దాని మీద. మేము నలుగురం తలకాయలు వంచి విన్నం. స్లోలో ఆగిపోతలేదు.

"కార్బురేటర్ చేయించిండు" అన్నడు ఉట్నూరోడు.